పీచుపిల్ల పాట

చిత్తూరులో మా బ్యూటీ పార్లర్ తలుపు మీద ‘ఆడవారికి మాత్రమే’ అని రాసి ఉంటుంది. ఆ తలుపు వెనకే నేను దాదాపు ఒక ఏడాదిపాటు నలుగురు మగవాళ్ల ముఖాలకు తెల్లరంగు పూశాను, కనురెప్పల మీద జిగినా అంటించాను, పెదవులకు చిక్కటి ఎరుపు దిద్దాను. ఆ నలుగురిలో ముందు నిలబడి పాడేవాడు మా అక్క కొడుకు. అందుకే కాదనలేకపోయాను.

వాడు ఇంజనీరింగు చదివి, బెంగుళూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది వదిలేసి వచ్చి బ్యాండు పెట్టాడు. గిటారుకు ఒకడు, డ్రమ్ములకు ఒకడు, కీబోర్డుకు ఒకడు. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాలాగా సినిమా పాటలు పాడరు. పాటలు సొంతం, వేషం సొంతం. ఒంటికి అతుక్కుపోయే వెండిరంగు ప్యాంటు, మోకాలిదాకా ఎత్తు మడమల బూట్లు, భుజాల మీద రంగు అద్దిన కోడి ఈకలు. ఆ ఈకలను చికెన్ అంగడి నుంచి తెచ్చి, సరిగ్గా కడగకుండానే రంగులో ముంచారు. ఎండ తగిలితే చాలు, కోళ్ల బుట్ట తెరిచినట్టు వాసన వచ్చేది.

“గ్లామ్ రాక్ అంటారు సిన్నమ్మా దీన్ని,” అన్నాడు మొదటిరోజు కుర్చీలో కూర్చుని. “బయట దేశాల్లో మగోళ్లు ఎప్పుడో ఏసినారు ఈ ఏషం. మనూళ్లో మనమే మొదులు.”

మగవాడు రంగు పూసుకోవడం నాకు వింత కాదు. తిరుపతి గంగజాతరలో మా నాయన చీర కట్టి, కాటుక పెట్టి, కొప్పున పూలు తురుముకొని మొక్కు తీర్చుకున్నవాడే. ఆయన ముఖానికి అమ్మ రంగు పూస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చొని చూశాను. ఆయన కళ్లు మూసుకుని కదలకుండా ఉండేవాడు. వీళ్లు అలా కూర్చోరు. ఒకడి చేతిలో సగం తిన్న ఎగ్ పఫ్ ఉండేది. ఇంకొకడు తల ఎత్తి పెట్టమంటే నోరు తెరిచి నా ముఖం మీదికే త్రేన్చేవాడు. గడ్డం గీసుకుని రమ్మంటే రెండురోజుల ముళ్లతో వచ్చేవాళ్లు. ఒకే లిప్‌స్టిక్ నలుగురూ పూసుకునేవాళ్లు, దాని కొనకు మీసం వెంట్రుకలు అంటుకుని ఉండేవి. పెళ్లికూతుళ్ల కోసం కొన్న బ్రష్‌లను వాళ్ల డబ్బాలో కలవనిచ్చేదాన్ని కాదు. వాళ్లు వెళ్లాక కుర్చీని డెట్టాలుతో తుడిచేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి, వాడు పాడగలడు. గొంతులో ఒక జీర ఉంది, అది పైకి ఎక్కేటప్పుడు ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. మొదటి ప్రోగ్రాం చిత్తూరులోనే ఒక కాలేజీ వార్షికోత్సవంలో జరిగింది. పొగ వదిలారు. ఆ పొగలోంచి వాడు ఒక కాలు స్పీకరు మీద పెట్టి, ఈకలు విదిలించి, మొదటి పాట ఎత్తుకున్నాడు. రెండోసారి పల్లవికి వచ్చేసరికి ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ కలిసి పాడుతున్నారు. ఎవరూ నేర్పలేదు. వాడి పాటలన్నీ అంతే. ఎక్కడో విన్నట్టుంటాయి, ఒకసారి చెవిలో పడితే జిడ్డులాగా వదలవు. మా అక్క ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను.

పార్లర్‌లో ఒక మూల పరదా కట్టి, వాళ్ల బట్టలు, బూట్లు, ఈకలు దాని వెనక పెట్టుకోనిచ్చాను. వాడు అప్పుడప్పుడూ అక్కడే చాప మీద పడుకొని ఫోనులో ఏవో కూనిరాగాలు తీసి రికార్డు చేసుకునేవాడు. ఆడవాళ్లు వచ్చినప్పుడు వెళ్లిపొమ్మనేదాన్ని. కొన్నిసార్లు వెళ్లేవాడు, కొన్నిసార్లు నిద్రపోయినట్టు పడుకొని ఉండేవాడు.

ఆ రోజుల్లోనే బంగారుపాళ్యం వైపు నుంచి ఒకామె వచ్చేది. ముప్పై దాటి ఉంటాయి. మామిడి కాలం వస్తే గుజ్జు ఫ్యాక్టరీలో పని, మిగతా రోజుల్లో కూలిపని. ఏదో విషజ్వరం వచ్చి ఆమె జుట్టంతా రాలిపోయింది. మళ్లీ మొలిచింది కానీ గరుకుగా, ఎర్రగా, దువ్వెనకు లొంగకుండా మొలిచింది. సెలవు దొరికిన రోజు బస్సెక్కి వచ్చేది. నేను మెంతులు నానబెట్టి రుబ్బి, కలబంద కలిపి, తలకు పట్టించేదాన్ని. ఆ కాసేపూ ఆమె కళ్లు మూసుకొని కబుర్లు చెప్పేది.

“టెంక మీద పీచు మాదిరి అయిపాయ అక్కా నా జుట్టు,” అంది ఒకరోజు నవ్వుతూ. “ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పోతే మా ఇంటాయన వాసన సూసి, ‘ఏమే పీచుపిల్లా, నీ నెత్తి పిండితే ఎన్ని గిన్నెల రసం వొస్తాదో’ అంటాడు. అట్లన్నప్పుడే నా మొగం సూస్తాడు ఆయన. లేకపోతే టీవీనే.”

ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. ఆ ఎగతాళిలో ఆమెకు అందిన ముద్దు ఏదో ఉంది, అది నాకూ అర్థమై నవ్వాను. పరదా వెనక మా వాడు ఉన్నాడన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మామిడి కాలం మంచి ఊపులో ఉన్నప్పుడు బంగారుపాళ్యంలో హైవే పక్క మైదానంలో మండీ వ్యాపారులు ఒక వేడుక పెట్టారు. పొద్దు ఇంకా వాలలేదు. స్టేజీ ముందు ప్లాస్టిక్ ట్రేల నిండా తోతాపురి కాయలు పేర్చారు. మాగి, ఎండకు మెత్తబడి, కొన్ని పులిసి, వాటి చుట్టూ ఈగలు, కందిరీగలు ముసురుతున్నాయి. నేను స్టేజీ పక్క రేకుల గదిలో నలుగురికీ ముఖాలకు రంగులు వేసి, ఒంటికి, చేతులకు వెండిరంగు పూశాను. మా వాడు ఈసారి కొత్తగా ఒక విగ్గు తెచ్చాడు. గోనెపీచుతో అల్లింది, ఎర్రరంగు అద్దింది. దాని మీద ఫ్యాక్టరీ ఆడవాళ్లు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ. “కొత్త పాట సిన్నమ్మా, ఈడ మొదులుపెడితే అదురుతాది,” అన్నాడు.

పాట మొదలైంది.

“పీచుపిల్లా పీచుపిల్లా, పిండితే ఎన్ని గిన్నెలే...”

నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది. వాడు ఆ టోపీ సర్దుకుంటూ, నడుము తిప్పుకుంటూ, ఆడగొంతుతో మూలుగుతూ స్టేజీ అంతా తిరిగాడు. రెండు చేతులతో రెండు కాయలు తీసుకొని రొమ్ము మీద పెట్టి పిండాడు. రసం వెండిరంగుతో కలిసి బూడిదరంగు చారలుగా పొట్టమీదికి, ప్యాంటులోకి కారింది. పిండిన తొక్కల్ని జనంలోకి విసిరాడు. ముందు వరసలో మగవాళ్లు ఎగబడి పట్టుకున్నారు. ఒకడు, బాగా వయసున్నవాడు, తెల్లచొక్కా వేసుకున్నవాడు, తనకు దొరికిన తొక్కను నోట్లో పెట్టుకొని చీకాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. రేకుల గది వెనక్కి పోయి నిలబడ్డాను.

ప్రోగ్రాం అయ్యాక వాడు చెమటతో, రసంతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఒంటి మీద ఈగలు వాలుతున్నాయి. కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడిస్తే తీపి, చెమట, రంగు కలిసి మడ్డిలాగా వచ్చింది.

“యాడిదిరా ఆ మాట?” అన్నాను.

“ఏ మాట?”

“పీచుపిల్ల.”

“గాల్లో ఉండె. పట్టుకున్నా,” అని నవ్వాడు. పళ్ల మీద లిప్‌స్టిక్ అంటి ఉంది.

ఆ తరవాత ఆ పాట ఎక్కని ఆటో లేదు. స్కూలు పిల్లలు సైకిళ్ల మీద పాడుకుంటూ పోయేవాళ్లు. కూరగాయలు అమ్మే బండి మైకులో ధరల మధ్య అదే మోగేది. గిన్నెలు తోముతుంటే నా నోటికీ వచ్చేది. వచ్చినప్పుడల్లా నోరు పుక్కిలించి ఉమ్మాలనిపించేది.

ఒకరోజు బంగారుపాళ్యం ఆమె వచ్చింది. ఎప్పటిలాగా కుర్చీలో కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

“ఈ మాట నేను నీకు తప్ప ఎవురికీ జెప్పలేదక్కా,” అంది.

నేను లోపలికి పిలిచి, పరదా తీసి చూపించాను. చాప, బూట్లు, ఈకలు. ఆ పాట పాడేది మా అక్క కొడుకని, ఆ రోజు వాడు దాని వెనక ఉన్నాడని చెప్పాను. ఆమె ఆ చాప వైపే చూస్తూ చెప్పింది.

“మా ఇంటాయన నాతో మాట్లాడటం మానేసినాడు. ఇంట్లో మాట బజారుకు ఎట్ల పాయ అంటాడు. ఎవునితో జెప్పినావని అడగతాడు. ఫ్యాక్టరీ బస్సులో నేనెక్కితే డ్రైవరు పాట పెడతాడు. సూపర్‌వైజరు గూడా నన్ను పేరుతో పిలిసేది మానుకున్నాడు.”

నేను ఏం చెయ్యమంటావని అడిగాను.

“పాడొద్దని జెప్పక్కా. అంతే.”

ఆ సాయంత్రమే వాణ్ణి పిలిపించాను. వాడు విని, ఏమాత్రం తడబడకుండా, “పేరు ల్యా, ఊరు ల్యా. ఆమే అని ఎవురికి తెలుసు?” అన్నాడు.

“ఆమెకు తెలుసు గదరా. ఆమె మొగుడికి తెలుసు.”

“పాట జనం నోట్లో ఉండాది ఇప్పుడు. నేను ఆపితే వాళ్లు ఆపతారా?”

మా అక్కకు చెప్పాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. “బిడ్డ పైకి వొస్తా ఉంటే ఓర్చుకోలేకుండావే నువ్వు,” అంది. అక్కకు ఆ పాటలో తప్పు కనబడలేదట. మామిడిపండు గురించిన పాట అనుకుంటున్నానని చెప్పింది. అబద్ధమాడుతోందని ఆమె కళ్లు చూస్తే తెలిసింది.

రెండురోజుల తరవాత మా వాడే ఫోను చేశాడు, గొంతు నిండా ఉత్సాహం. తిరుపతిలో పెద్ద ప్రోగ్రాం ఉంది, బంగారుపాళ్యం ఆమెను స్టేజీ మీదికి పిలుస్తాడట, శాలువా కప్పి సన్మానం చేస్తాడట. “అప్పుడు ఆమెకు గౌరవమే గదా సిన్నమ్మా.”

నాకు నచ్చలేదు. అయినా ఆమెకు చెప్పకుండా దాచడం నా పని కాదనిపించి చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే.

“మైకు నా చేతికి ఇస్తాడా?”

“ఇస్తాడంట.”

“అయితే వొస్తా.”

తిరుపతిలో ఆ మైదానం నుంచి చూస్తే కొండ మీద దారి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆమె ఉతికిన నీలం చీర కట్టుకొని వచ్చింది. జుట్టు గట్టిగా లాగి జడ వేసి, కనకాంబరాలు పెట్టుకుంది. కొంచెం పౌడరు అయినా వేస్తానన్నాను. “ఏం పుయ్యొద్దక్కా. ఉండేది ఉన్నట్టే సూడనీ,” అంది. పక్కన మా వాడు అద్దంలో చూసుకుంటూ జిగినా ఇంకొంచెం కావాలని అడిగాడు. ఆమె వాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. వాడు చెయ్యి ఊపాడు.

నాలుగు పాటల తరవాత వాడు ఆమెను పిలిచాడు. చెక్క మెట్లు ఎక్కేటప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకొని జాగ్రత్తగా ఎక్కింది. వాడు మైకు ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకొని మొదలుపెట్టింది.

“అందరికీ నమస్కారం. నా జుట్టు జొరానికి పాయ. ఈ మాట మా ఇంటాయన ఇంట్లో నాతో నవ్వతా అన్న మాట. బయట మీరు అనుకునేదానికి గాదు. ఈ పాటతోనే నన్ను ఫ్యాక్టరీలో పిలస్తా ఉండారు. పాడొద్దని జెప్పేదానికి వచ్చినా.”

మైదానం నిశ్శబ్దమైంది. ఆ కాస్త నిశ్శబ్దంలో నేను, వీళ్లకు అర్థమైంది అనుకున్నాను. ఇంతలో డ్రమ్ముల వాడు, కామెడీ సినిమాలో జోకు తరవాత కొట్టినట్టు, ‘ధడ్ ధడ్ చిష్’ అని కొట్టాడు. ఎవరో ఈల వేశారు. అంతే, నవ్వు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకి మైదానమంతా పగలబడింది. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు వాళ్లు. బాగా నటించిందనుకున్నారు.

మా వాడు శాలువా కప్పి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, “ఈమే మన ఒరిజినల్ పీచుపిల్ల,” అని అరిచాడు. గిటారు మొదలైంది. వేలమంది గొంతెత్తి పాడారు. ఆమె వాడి చెయ్యి తీసేసింది. శాలువా విప్పి, మడతపెట్టి, స్పీకరు మీద పెట్టి, మెట్లు దిగి వచ్చింది. దిగుతుంటే కుర్రకారు ఫోన్లు ఆమె ముఖం దగ్గరికి తెచ్చి వీడియో తీశారు. ఒకడు ఆమె జడ పట్టుకొని చూడబోయాడు. నేను వాడి చేతి మీద కొట్టాను.

నలుగురి ముఖాల రంగు తుడవాల్సిన పని ఇంకా ఉంది. తుడవకుండానే నా సంచీ తీసుకొని ఆమెతో బయటికి నడిచాను. బస్టాండులో కొళాయి దగ్గర ఆమె ఆగింది. నీలం రవికె భుజం మీద వాడి అయిదు వేళ్లూ వెండిరంగులో అచ్చుపడి ఉన్నాయి. నీళ్లు పోసి రుద్దితే రంగు ఇంకా పాకింది.

“పోతాదా అక్కా ఇది?”

“నూనె పెడితే పోతాది,” అని సంచీలోంచి దూది, కొబ్బరినూనె తీశాను. బల్ల మీద కూర్చోబెట్టి, తుడుస్తూ కూర్చున్నాను. యాత్రికులు గుండ్లతో, లడ్డూ సంచులతో మా పక్కనుంచి పోతున్నారు. రంగు పోయింది కానీ నూనె మరక మిగిలింది.

చిత్తూరు బస్సెక్కాం. పాకాల దాటాక ఆమె అడిగింది.

“నేను జెప్పింది వాళ్లు ఇన్నారా అక్కా?”

“ఇన్నారు.”

“ఇని గూడా నవ్వినారా?”

కిటికీలోంచి వచ్చే గాలికి ఆమె కనకాంబరాలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. వాటిని ఏరి ఒళ్లో పెట్టుకుంది.

ఆ వారం ఒక పెళ్లికూతురికి గోరింటాకు పెడుతుంటే ఆ అమ్మాయి చెల్లెలు ఫోనులో ఒక పాట పెట్టింది. ముందు ఒక ఆడగొంతు వచ్చింది, “పాడొద్దని జెప్పేదానికి వచ్చినా.” అదే ముక్క మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది, కింద డప్పు వేగం పెరుగుతూ పోయింది, చివరికి తెగ్గొట్టి, ‘పీచుపిల్లా’ అని వాళ్లు అందుకున్నారు. ఆమె గొంతునే కోసి పాటకు తగిలించారు. వింటుంటే నా ఒంటి మీద ఏదో పురుగు పాకినట్టయింది. ఆ చెల్లెలు, “రీమిక్స్ ఆంటీ, అసలుదానికన్నా ఇదే బాగుంది,” అంది.

ఇంటికి పోకుండా నేరుగా పార్లర్‌కి వెళ్లాను. పరదా వెనక ఉన్నవన్నీ, బూట్లు, విగ్గులు, ఈకలు, చెమటతో గట్టిపడ్డ వెండి ప్యాంట్లు, పొర్లించి తెచ్చి మెట్ల మీద వేశాను. చాప కాల్చేశాను. వాళ్ల రంగుల డబ్బా మూతతో సహా చెత్తబండిలో పడేశాను. వాడు వచ్చేలోపు ఒక వీధికుక్క భుజానికి కట్టే ఈకల గుత్తి ఒకదాన్ని నోట కరుచుకొని వీధి చివరిదాకా పోయి, వాసన చూసి, అక్కడే వదిలేసింది.

వాడు మెట్ల దగ్గర నిలబడి, నిజంగా అర్థంకానివాడిలాగా అడిగాడు. “ఏం తప్పు జేసినాను సిన్నమ్మా? ఆమె గొంతును ఇన్ని లక్షలమంది ఇంటా ఉండారు. ఆమెకు మంచిదే గదా?”

“నీ ముఖం తాకాలంటే నాకు రోతగా ఉండాదిరా,” అన్నాను. “పో.”

మా అక్క ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వాళ్లకు వేరే మేకప్ మనిషి దొరికింది. చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి పిలుపులు వస్తున్నాయని వింటుంటాను.

బంగారుపాళ్యం ఆమె సంగతి కొంచెం మెరుగుపడింది, అయితే అది పాట వాళ్ల పుణ్యం కాదు. ఆ వీడియో ఎవరో ఆమె భర్తకు చూపించారట. మైకులో ఆమె ఏం చెప్పిందో ఆయన మొదటినుంచి చివరిదాకా విన్నాడట. మరుసటిరోజు పొద్దున ఫ్యాక్టరీ బస్సు వచ్చేచోట ఆయనే నిలబడి, డ్రైవరుతో, “ఇంగోసారి ఆ పాట పెడితే నా పెండ్లాం ఈ బస్సెక్కదు, నువ్వు ఈ దోవన పోవు,” అన్నాడట. డ్రైవరు మళ్లీ పెట్టలేదు. సూపర్‌వైజరు మాత్రం మారలేదు. తరవాతి మామిడి కాలానికి ఆమె ఆ ఫ్యాక్టరీ మానేసి ఒక తోటలో కాయలు ఏరి పెట్టెలకెత్తే పనికి పోయింది. ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంది. మెంతులు పట్టించేటప్పుడు కళ్లు మూసుకుంటుంది గానీ ఇంటి కబుర్లు చెప్పదు. వానల గురించి, కాయ ధర గురించి మాట్లాడుతుంది. నేను తరచి అడగను.

మొన్న తిరుచానూరులో ఒక కల్యాణమంటపంలో రిసెప్షనుకు పెళ్లికూతురిని తయారు చేయడానికి వెళ్లాను. మగపెళ్లివారు మా వాడి బ్యాండును పిలిచారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. జడకు పూలు కుడుతుంటే తలుపు మీద దరువు, తరవాత వాడి గొంతు.

“సిన్నమ్మా, నువ్వుండావని జెప్పినారు. కాటుక పెన్సిలు ఒకటి ఇస్తావా? మాది ఇరిగిపాయ.”

కాటుక పెన్సిలు నా ముందు బల్ల మీదే ఉంది. “ల్యా,” అన్నాను. వాడి బూట్ల చప్పుడు దూరమైనట్టు వినిపించింది.

కాసేపటికి కింద హాలులో పాట మొదలైంది. ఆమె గొంతుతోనే మొదలైంది. పెళ్లికూతురు మంచి పిల్ల, ఎం.కాం. చదివింది, పొద్దున్నించీ నన్ను తిన్నావా తాగావా అని అడుగుతూనే ఉంది. పట్టుచీర అంచు కింద పారాణి పెట్టిన ఆమె కాలు తాళం వేయడం మొదలుపెట్టింది. “ఆంటీ, అయిపోయిందా?” అంది అద్దంలో నన్ను చూసి నవ్వుతూ. “మాకు ఈ పాట మీదనే ఎంట్రీ.”

పిన్నులు నోట్లో పట్టుకొని ఉన్నాను కాబట్టి మాట్లాడే అవసరం రాలేదు. ఆఖరి పువ్వు కుట్టి, దారం తెంచి, పైట సర్ది, ఆ పిల్లను తలుపుదాకా పంపాను. ఆమె మెట్లు దిగేలోపు నేను నా సామాను సర్దుకొని, వంటవాళ్లు తిరిగే వెనక దారిన బయటికి వచ్చేశాను.